నానోసెకను ఆయుష్షు

హైటెక్ సిటీకి నానోసెకను కొత్త కాదు. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క అది. ఒక గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసర్ ఒక్క అడుగు వేయడానికి పట్టే వ్యవధి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఎందరి బతుకుతెరువో ఈ కాలమానం మీదే నడుస్తోంది. ఇంచుమించు ఇంతే ఆయుష్షున్న పదార్థం ఒకటి మన ఒంట్లోనూ పుడుతుంటుంది. దాని పేరు హైడ్రాక్సిల్ రాడికల్. ఒక ఆక్సిజన్ పరమాణువు, ఒక హైడ్రోజన్ పరమాణువు, జత దొరకని ఒక ఎలక్ట్రాన్. అంతే దాని సంసారం. జత కోసం అది పక్కనున్న అణువు మీద పడి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. పుట్టిన నానోసెకనుకల్లా దాని కథ ముగుస్తుంది. ఆలోగా అది కదలగలిగేది కొద్ది నానోమీటర్లే. డీఎన్ఏ పోగు మందం రెండు నానోమీటర్లని గుర్తుంచుకుంటే ఆ దూరం ఎంతో తెలుస్తుంది.

ఇలాంటి ఫ్రీ రాడికల్స్‌ను క్యాన్సర్ కణితి మీద ప్రయోగించాలని ప్రపంచమంతటా రసాయన శాస్త్రజ్ఞులు ఇప్పుడు పట్టుదలగా కృషి చేస్తున్నారు. కానీ నానోసెకనులో ఆరిపోయేదాన్ని సీసాలో నింపలేం. చేతి నరానికి ఎక్కిస్తే సూది మొన దాటకముందే దాని పని అయిపోతుంది. అది కణితిలోనే, క్యాన్సర్ కణం లోపలే, వీలైతే డీఎన్ఏను ఆనుకునే పుట్టాలి. ఈ చికిత్స కష్టసుఖాలన్నీ ఈ ఒక్క షరతు చుట్టూనే తిరుగుతాయి. అందుకే కణితికి చేరవేసే నానో రేణువుల మీద మోపేది రాడికల్స్‌ను కాదు, వాటిని పుట్టించే సరంజామాను.

ఫ్రీ రాడికల్ అనగానే చాలామందికి మందుల దుకాణంలోని యాంటీ ఆక్సిడెంట్ మాత్రల డబ్బా గుర్తొస్తుంది. ఫ్రీ రాడికల్‌కు చెడ్డపేరు ఊరికే రాలేదు. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లను పాత తరం వాళ్లు బాగా ఎరుగుదురు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో ఉంచుకుని, పెదాలు బిగించి పొగ పీలుస్తారు. వేడి, పొగ రెండూ నేరుగా అంగిటికే తగులుతాయి. అంగిలి ముందు తెల్లగా పాలిపోతుంది. ఆ తెలుపు మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. కొందరిలో అది ముదిరి అంగిలి క్యాన్సర్ అవుతుంది. మిగతా ప్రపంచంలో అరుదైన ఈ జబ్బు శ్రీకాకుళం జిల్లాలో తరచు కనబడటంతో బొంబాయి నుంచి డాక్టర్ ఫాలీ మెహతా, డెన్మార్క్ నుంచి డాక్టర్ జెన్స్ పిండ్‌బోర్గ్ 1960ల నుంచి కొన్నేళ్లపాటు ఆ పల్లెల్లో జనం నోళ్లు పరీక్షించి వివరాలు రాసుకున్నారు. పొగలో ఏముంది? సిగరెట్ ఒక్క దమ్ము పొగలో సుమారు పది కోట్ల కోట్ల ఫ్రీ రాడికల్స్ ఉంటాయని అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు విలియం ప్రయర్ లెక్కగట్టాడు. అవి ఏళ్ల తరబడి డీఎన్ఏను కొడుతూ ఉంటే, ఎక్కడో ఒక కణం అదుపు తప్పుతుంది.

డీఎన్ఏను పాడుచేసే గుణమే క్యాన్సర్‌ను పుట్టిస్తుంది. అదే గుణం, దెబ్బ గట్టిగా, ఒకేసారి, ఒకేచోట పడితే క్యాన్సర్ కణాన్ని చంపుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి 1955లో మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా అక్కడ రేడియేషన్ పెట్టించుకున్న పేదసాదలందరికీ అందింది ఒక విధంగా ఫ్రీ రాడికల్ చికిత్సే. కణంలో ఎక్కువ భాగం నీరు. ఎక్స్ కిరణం తగిలితే ఆ నీటి అణువులు చిట్లి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి. డీఎన్ఏకు జరిగే నష్టంలో దాదాపు మూడింట రెండు వంతులు కిరణం సూటిగా చేసేది కాదు, ఈ రాడికల్స్ చేసేదే. ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు కలిగే హానికీ, ఎక్స్ కిరణాల హానికీ మూలం ఒకటేనని, అది ఫ్రీ రాడికల్స్ పనేనని 1954లో అర్జెంటీనాకు చెందిన రెబెకా గెర్ష్‌మన్, ఆమె సహచరులు ప్రకటించారు. అప్పట్లో చాలామంది నమ్మలేదు.

కిరణాన్ని బయటినుంచి కొడితే దారిలో ఉన్న మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది. అందుకే రేడియేషన్ మూలాన్నే కణితి లోపల పెట్టే బ్రాకీథెరపీ పద్ధతి వచ్చింది. ఆ విద్యలో ప్రపంచం మెచ్చిన పేర్లలో ఒక తెలుగు పేరుంది. కృష్ణా జిల్లా నుంచి న్యూయార్క్ వెళ్లి, మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో బ్రాకీథెరపీ విభాగానికి అధిపతిగా పనిచేసిన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు. 2015లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మూలాన్ని కణితికి ఎంత దగ్గరగా చేర్చితే అంత మేలన్న ఆ ఆలోచనను మిల్లీమీటర్ల స్థాయి నుంచి నానోమీటర్ల స్థాయికి దింపితే ఇవాళ్టి విషయం దగ్గరికి వస్తాం.

అయితే నడుమ ఒక అడ్డంకి ఉంది. కణితి ఆబగా పెరుగుతుంది, రక్తనాళాలు ఆ వేగాన్ని అందుకోలేవు. రక్తనాళానికి మిల్లీమీటరులో పదోవంతు, రెండు పదోవంతుల దూరం దాటితే అక్కడి కణాలకు ఆక్సిజన్ సరిగా అందదు. ఊపిరి అందని కణాలు చావడం సులువేమో అనిపిస్తుంది కదా. రేడియేషన్ విషయంలో అందుకు తలకిందులు. రాడికల్ చేసిన గాయాన్ని మానకుండా స్థిరపరిచేది ఆక్సిజనే. అది లేకపోతే అదే ఫలితానికి రెండున్నర నుంచి మూడు రెట్లు ఎక్కువ మోతాదు కావాలి. 1953లో ఇంగ్లండ్‌లో లూయిస్ హెరాల్డ్ గ్రే బృందం ఈ సంగతి స్పష్టంగా వివరించింది. రేడియేషన్ మోతాదును ఇవాళ కొలిచేది ఆయన పేరుతోనే, ఇన్ని గ్రేలు అని. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, అంటే మన జిల్లా ఆసుపత్రుల్లో నిత్యం కనబడే జబ్బుల్లోనే ఈ ఊపిరాడని మూలలు ఎక్కువ. చికిత్స అయ్యాక అవే మళ్లీ తలెత్తుతాయి.

ఈ అడ్డంకిని దాటడానికి ఎన్నో దారులు వెతుకుతున్నారు. వాటిలో మనుషుల దాకా వచ్చి, ఫలితం చూపినది హాఫ్నియం ఆక్సైడ్. పారిస్‌కు చెందిన నానోబయోటిక్స్ కంపెనీ దాన్ని సుమారు యాభై నానోమీటర్ల రేణువులుగా చేసింది. సిరంజితో తిన్నగా కణితిలోకి ఒక్కసారి ఎక్కిస్తారు. ఆ తర్వాత మామూలు రేడియేషనే. హాఫ్నియం పరమాణు సంఖ్య 72. బరువైన లోహం కాబట్టి ఎక్స్ కిరణాలను నీటికన్నా ఎన్నో రెట్లు పట్టేస్తుంది, ఎలక్ట్రాన్లను చిమ్ముతుంది. ఆ ఎలక్ట్రాన్లు చుట్టూ ఉన్న నీటిని చిట్లగొట్టి మరిన్ని రాడికల్స్ పుట్టిస్తాయి. యంత్రం ఆపగానే రేణువులూ చల్లగా ఊరుకుంటాయి. కాళ్లు చేతుల్లో, మొండెంలో వచ్చే సార్కోమా గడ్డలున్న 180 మంది రోగుల మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. రేడియేషన్ మాత్రమే ఇచ్చినవారిలో సుమారు 8 శాతం మందికి కణితిలో బతికున్న క్యాన్సర్ కణాలు దాదాపు లేకుండా పోతే, రేణువులు కూడా ఎక్కించినవారిలో 16 శాతం మందికి అలా జరిగింది. రెట్టింపు అని పత్రికలు రాశాయి. నిజమే, రెట్టింపే. అయినా మిగిలిన 84 శాతం మందిని మరచిపోకూడదు. ఆ ఏడాదే యూరప్‌లో దానికి అనుమతి ముద్ర పడింది. వయసు మళ్లి, సిస్‌ప్లాటిన్ మందును తట్టుకోలేని నోటి, గొంతు క్యాన్సర్ రోగుల మీద పెద్ద పరీక్ష తర్వాత మొదలైంది. మన ప్రాంతానికి ఎక్కువ అవసరమైన పరీక్ష అదే.

హాఫ్నియం హైదరాబాద్‌కు పరాయిది కాదు. ప్రకృతిలో అది ఎప్పుడూ జిర్కోనియంతో కలిసే దొరుకుతుంది, సముద్రతీరపు ఇసుకలోని జిర్కాన్ ఖనిజంలో. అణు రియాక్టర్ల ఇంధన గొట్టాలకు జిర్కోనియం కావాలి. కానీ న్యూట్రాన్లను మింగేసే హాఫ్నియం అందులో ఉండకూడదు. ఈ రెంటినీ విడదీసే కష్టమైన పనిని నగరంలోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1970ల నుంచి చేస్తూనే ఉంది. అక్కడ అక్కరలేనిదిగా పక్కకు తీసిన లోహమే క్యాన్సర్ వైద్యంలో రేడియేషన్‌కు బలం చేకూరుస్తోందంటే, ఈ ఊరి రసాయన శాస్త్రజ్ఞులకు అంతకన్నా మంచి పిలుపు ఏముంటుంది.

ఇక ఊపిరాడని మూలల సంగతి. అట్లాంటాలోని జార్జియా టెక్‌లో యూనాన్ షియా బృందం 2017లో చేసిన రేణువు కాస్త దగ్గరగా చూడదగ్గది. బంగారంతో బోలుగా, చిల్లులు చిల్లులుగా ఒక గుల్ల చేశారు. ఆ గుల్లలో ఏఐపీహెచ్ అనే పదార్థం నింపారు. ప్లాస్టిక్ లాంటి పాలిమర్ల తయారీలో చర్యను మొదలుపెట్టడానికి వాడే పదార్థమది. వేడెక్కితే చాలు, నైట్రోజన్ వాయువును వదిలేసి రెండు రాడికల్స్‌గా విడిపోతుంది. వాటికి ఆక్సిజన్‌తో పని లేదు. గుల్ల చిల్లులకు మూతగా లారిక్ ఆమ్లం పెట్టారు. మన కొబ్బరినూనెలో దాదాపు సగం ఈ ఆమ్లానిదే. విడిగా అది సుమారు 44 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఒంటి వేడి 37. కాబట్టి రక్తంలో తిరుగుతున్నంతసేపూ మూత బిగిసే ఉంటుంది. కంటికి కనబడని పరారుణ లేజర్ కాంతిని కణితి మీద వేస్తే బంగారం ఆ కాంతిని పీల్చి వేడెక్కుతుంది. మూత కరుగుతుంది. లోపలి పదార్థం బయటపడి, ఆ వేడికే విడిపోయి రాడికల్స్‌ను వదులుతుంది. ఆక్సిజన్ లేని చోట ఉంచిన క్యాన్సర్ కణాలు సైతం చచ్చాయి. చోటు, వేళ రెండూ వైద్యుడి చేతిలో ఉంటాయి. ఈ రంగంలో వచ్చిన ఆలోచనల్లో ఇంత పొందికైనది అరుదు.

మరో దారి ఇనుముది. 1894లో కేంబ్రిడ్జ్‌లో హెన్రీ ఫెంటన్ టార్టారిక్ ఆమ్లం మీద ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ప్రయోగాలు చేశాడు. టార్టారిక్ ఆమ్లమంటే చింతపండు పులుపే. ఆ కలయికలో హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయన్నది నలభై ఏళ్ల తర్వాతగానీ తేలలేదు. మామూలు కణాలతో పోలిస్తే క్యాన్సర్ కణాల్లో పెరాక్సైడ్ ఎక్కువ. అందుకని ఇనుమును రేణువుగా లోపలికి చేర్చితే కణితి సరుకుతోనే కణితిని కొట్టవచ్చని 2016లో షాంఘై శాస్త్రజ్ఞులు షీ జియాన్‌లిన్, బూ వెన్‌బో చూపించారు. లేజర్ అక్కర్లేదు, ఎక్స్ కిరణం అక్కర్లేదు. చిక్కేమిటంటే, ఫెంటన్ చర్య చురుగ్గా సాగాలంటే బాగా పుల్లటి వాతావరణం కావాలి, కణితిలో అంత పులుపు ఉండదు. పైగా క్యాన్సర్ కణం గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని నిండా దాచుకుని, పుట్టిన రాడికల్స్‌ను పుట్టినట్టే తుడిచేస్తుంది. అందుకే ఇనుముకు బదులు రాగి, మాంగనీసు వాడి చూస్తున్నారు, ముందు గ్లూటాథయోన్‌ను ఖర్చు చేయించే ఎత్తులు వేస్తున్నారు. ఇదంతా చాలావరకు ఎలుకల దశలోనే ఉంది.

రాయదుర్గంలో మెట్రో నీలి లైను రైలు ఎక్కి, హైటెక్ సిటీ, మాదాపూర్, అమీర్‌పేట, సికింద్రాబాద్ దాటితే తార్నాక వస్తుంది. అక్కడున్నది 1944లో మొదలైన ప్రయోగశాల, ఇప్పటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ. తార్నాకలో డాక్టర్ చిత్తరంజన్ పాత్ర బృందం 2014లో ఓలాక్స్ స్కాండెన్స్ అనే మొక్క ఆకు సారంతో వెండి నానో రేణువులు తయారుచేసింది. క్యాన్సర్ కణాల్లో ఇవి ఆక్సిజన్ రాడికల్స్‌ను పెంచి, పీ53 అనే కాపలా ప్రోటీన్‌ను మేల్కొలిపి ఆ కణాలను చావువైపు నడిపించాయి. మామూలు కణాలను అంతగా బాధించలేదు. కణంలో చేరాక ఎర్రటి కాంతితో మెరిసి, ఎక్కడున్నాయో కూడా తెలియజేశాయి. సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డాక్టర్ అరవింద్ కుమార్ రెంగన్ బృందం కాంతితో పనిచేసే నానో రేణువుల మీద కృషి చేస్తోంది. బంగారు పూత వేసిన కొవ్వు గోళాలు పని ముగిశాక ఒంట్లో చిన్న ముక్కలుగా విడిపోయి బయటికి వెళ్లగలవని ఆయన ముంబై ఐఐటీలో ఉండగా సహచరులతో కలిసి 2015లో ప్రచురించారు. జవహర్‌నగర్‌లోని బిట్స్ పిలానీ ప్రాంగణంలో డాక్టర్ స్వాతి బిశ్వాస్ బృందానిదీ ఈ దారే. సైబరాబాద్ వైపు చూస్తే 2024లో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, 2025 ఫిబ్రవరిలో ఆమ్‌జెన్ పెద్ద కార్యాలయాలు తెరిచాయి. క్యాన్సర్ మందులకు పేరుపడ్డ కంపెనీలివి. రైలుకు ఆ చివర పరీక్షనాళిక, ఈ చివర సమాచార విశ్లేషణ. ఈ రెండు చివరలూ ఒకరి పని ఒకరు తెలుసుకోవలసినంతగా తెలుసుకోవడం లేదన్నది ఈ రచయిత అభిప్రాయం.

ఇన్ని దారులున్నా అసలు సమస్య చేరవేతలో ఉంది. టొరంటోలో వారెన్ చాన్ బృందం పదేళ్ల ప్రయోగ ఫలితాలన్నీ పోగుచేసి 2016లో ఒక లెక్క బయటపెట్టింది. రక్తంలోకి ఎక్కించిన నానో రేణువుల్లో కణితిని చేరేవి మధ్యస్థంగా 0.7 శాతం. గచ్చిబౌలిలో వెయ్యి పార్సిళ్లు బయల్దేరితే ఏడు మాత్రమే ఫ్లాటు తలుపు దాకా వెళ్లి, మిగతావి గేటు దగ్గరే ఆగిపోవడం లాంటిది. ఆ గేటు కాలేయం, ప్లీహం. రక్తంలో పరాయి రేణువు కనబడితే పట్టి మింగేయడమే అక్కడి కణాల పని. హాఫ్నియాన్ని నరానికి కాక నేరుగా కణితిలోకి ఎక్కించడానికి కారణం ఇదే.

ఇంత తక్కువ చేరినా ప్రయోజనం ఉండొచ్చని డాక్సోరూబిసిన్ నిరూపించింది. రొమ్ము క్యాన్సర్ రోగులకు బాగా తెలిసిన ఎర్రటి మందు అది. అది పుట్టించే ఫ్రీ రాడికల్స్ గుండె కండరానికి హాని చేస్తాయి. అందుకే జీవితంలో ఇంతకు మించి ఇవ్వరాదని హద్దు పెట్టారు. ఆ మందునే సుమారు వంద నానోమీటర్ల కొవ్వు గోళాల్లో మూసి ఎక్కిస్తే గుండెకు హాని బాగా తగ్గింది. 1995లో అమెరికాలో అనుమతి పొందిన ఆ రూపమే డాక్సిల్, తొలి నానో మందు. గోళాల కొలత, పైపూత, మందు బయటపడే వేగం అన్నీ అసలుతో సరితూగితేగానీ దానికి జెనరిక్ ఒప్పుకోరు. ఆ పరీక్ష నెగ్గి 2017లో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ అమెరికా బజారులో తన జెనరిక్‌ను విడుదల చేసింది. నానో మందులను ఎలా పరీక్షించాలో చెప్పే మార్గదర్శకాలు 2019లో మన దేశంలోనూ వచ్చాయి.

ధర మాట ఎత్తకుండా ఈ ప్రసంగం ముగించడం న్యాయం కాదు. 2012 మార్చిలో హైదరాబాద్‌కే చెందిన నాట్కో కంపెనీకి సొరాఫెనిబ్ అనే మందు తయారీకి దేశంలో తొలి తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి, దక్కింది. అది నానో మందు కాదు, కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే మాత్ర. నెలకు 2 లక్షల 80 వేల రూపాయలున్న ఖర్చు 8,800కు దిగింది. రేపు హాఫ్నియం రేణువులో, మరొకటో వైద్యంలో స్థిరపడితే, రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలో ఎక్కువగా నమోదైన ఈ నగరంలో ఆ సూదిమందు ఎందరికి అందుతుందన్న ప్రశ్న రసాయన శాస్త్రం కన్నా చిన్నది కాదు.

అంతదాకా ఒక జాగ్రత్త. నానో పేరు చెప్పి క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలకు డబ్బు తగలేయవద్దు. అలాగే రేడియేషన్ నడుస్తున్న రోజుల్లో బలానికని సొంతంగా యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మింగడం మంచిది కాదు. కెనడాలో నోటి, గొంతు క్యాన్సర్ ఉన్న 540 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. విటమిన్ ఇ, బీటా కెరోటిన్ తీసుకున్నవారికి పుండ్ల బాధ తగ్గింది. కానీ జబ్బు తిరగబెట్టే సూచనలు వారిలోనే ఎక్కువగా కనిపించాయి. కూరగాయలకు, పండ్లకు ఈ మాట వర్తించదు, అవి తినవచ్చు. ఇంట్లో ఎవరికైనా చికిత్స నడుస్తుంటే, వారు వాడుతున్న మాత్రల డబ్బాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి రేడియేషన్ డాక్టరుకు చూపించండి. ఏది ఆపాలో, ఏది వాడాలో ఆయన చెబుతారు.